జార్జ్ ఎవరెస్ట్

సర్ జార్జ్ ఎవరెస్ట్ (1790 జూలై 4 - 1866 డిసెంబర్ 1) బ్రిటిషు సర్వేయరు, భూగోళ శాస్త్రవేత్త. 1830 నుండి 1843 వరకు భారతదేశ సర్వేయరు జనరల్‌గా పనిచేశాడు. ప్రపంచంలో అత్యున్నతమైన పర్వత శిఖరం ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది. అయితే ఆ శిఖరాన్ని గుర్తించినది, దాని ఎత్తు లెక్కించినది ఈయన కాదు. దానికి తన పేరు పెట్టడం పట్ల ఈయన అభ్యంతరం కూడా తెలిపాడు. భారతదేశ మహా త్రికోణమితి సర్వేలో ఈయన పని తెలుగు నేల మీదనే, హైదరాబాదు రాజ్యంలో ప్రారంభమైంది.

తొలి జీవితం

ఎవరెస్ట్ ఇంగ్లండులో సైనిక విద్య అభ్యసించి, 1806లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగి దళంలో చేరి భారతదేశానికి వచ్చాడు. 1814 నుండి 1816 వరకు జావా ద్వీపాన్ని సర్వే చేశాడు. అక్కడ కనబరచిన ప్రతిభ కారణంగా విలియం లాంబ్టన్‌కు ముఖ్య సహాయకుడిగా నియమితుడై 1818లో హైదరాబాదు చేరాడు.

త్రికోణమితి సర్వే

లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపాన ఈ సర్వేను ఆరంభించాడు. ముందుగా సమతల ప్రదేశంలో ఒక ఆధారరేఖను గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచేవారు. దాని రెండు కొనల నుండి దూరపు కొండ శిఖరానికి గల కోణాలను థియోడొలైటుతో కొలిస్తే, ఆ త్రిభుజపు మిగిలిన భుజాలు లెక్క ద్వారా తెలుస్తాయి. ఇలా త్రిభుజాలను ఒకదానికొకటి జోడిస్తూ దేశమంతా కొలవవచ్చు. మధ్యమధ్య కొత్త ఆధారరేఖలను కొలిచి లెక్కలు సరిచూసుకునేవారు. రాయలసీమలోని గుత్తి వద్ద 1811లో అటువంటి ఆధారరేఖను కొలిచారు. కోణాలు కొలిచే పెద్ద థియోడొలైటు బరువు సుమారు అర టన్ను. దానిని మనుషులే కొండల మీదికి మోసేవారు.

ఎల్లాపురం అడవులలో

కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతాన్ని కొలిచే పని ఎవరెస్ట్‌కు అప్పగించబడింది. వేసవిలో ధూళి వలన దూరపు కొండలు కనిపించవు. వానలు పడినప్పుడు గాలి తేటపడుతుంది. అందువలన లాంబ్టన్ పద్ధతి ప్రకారం వర్షాకాలంలోనే పని సాగేది. అయితే అడవులలో మన్యపు జ్వరాలు ప్రబలేదీ ఆ కాలంలోనే. 1819లో ఎల్లాపురం అడవులలో ఎవరెస్ట్‌తో పాటు బృందంలో సుమారు 150 మంది జ్వరం పాలయ్యారు. హైదరాబాదు నుండి ఏనుగులను, పల్లకీలను పంపి వారిని తీసుకురావలసి వచ్చింది. కొందరు దారిలోనే మరణించారు. ఎవరెస్ట్ ఆరోగ్యం కోసం 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్ళాడు. ఆ జ్వరం ఆయనను ఆ తరువాత కూడా చాలాకాలం బాధించింది.

సర్వే బాధ్యతలు

1823 జనవరి 20న లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో మరణించగా, ఎవరెస్ట్ సర్వే అధిపతి అయ్యాడు. అనారోగ్యంతో 1825లో ఇంగ్లండు వెళ్ళి, 1830లో సర్వేయరు జనరల్‌గా తిరిగివచ్చాడు. గొలుసులకు బదులు లోహపు కడ్డీలతో ఆధారరేఖలను కొలిపించాడు. వర్షాకాలపు పనిని విడిచిపెట్టి, రాత్రివేళ దీపాల వెలుగును గురిగా చేసుకొని కోణాలు కొలిచే పద్ధతిని విస్తృతంగా అమలుచేశాడు. కొండలు లేని గంగా మైదానంలో ఎత్తయిన బురుజులు కట్టించాడు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మొహసిన్ పరికరాలను బాగుచేయడంలోను, బెంగాలుకు చెందిన రాధానాథ్ సిక్దర్ గణితంలోను ఆయనకు తోడ్పడ్డారు. దక్షిణపు కొన నుండి హిమాలయాల వరకు సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున సాగిన మహా రేఖాంశ చాపం కొలత 1841లో పూర్తయింది. భూమి ఆకృతిని నిర్ణయించడానికి ఈ కొలత ఎంతో ఉపకరించింది. 1843లో ఎవరెస్ట్ పదవీ విరమణ చేశాడు.

శిఖరానికి పేరు

తరువాతి సర్వేయరు జనరల్ ఆండ్రూ వా హయాంలో హిమాలయ శిఖరాలను కొలిచారు. నేపాలులోకి అనుమతి లేనందున, 160 కిలోమీటర్లకు పైగా దూరంలోని మైదానాల నుండే కోణాలు తీసుకున్నారు. శిఖరాలకు పేర్లు తెలియక రోమన్ అంకెలు ఇచ్చారు. వాటిలో 15వ శిఖరమే అన్నిటికన్నా ఎత్తయినదని సిక్దర్ మొదలైనవారి లెక్కల వలన తేలింది. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని (సుమారు 8,840 మీటర్లు) వా ప్రకటించాడు. 2020లో నేపాల్, చైనా దేశాలు ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. అంతదూరం నుండి వేసిన ఆ లెక్కకు, దీనికి తేడా సుమారు 9 మీటర్లు మాత్రమే.

స్థలాలకు స్థానికుల పేర్లనే ఉంచడం సర్వే సంప్రదాయం. ఎవరెస్ట్ కూడా దీనిని పాటించినవాడే. ఈ శిఖరానికి స్థానిక నామం తెలియలేదంటూ వా తన పూర్వాధికారి పేరును సూచించాడు. నేపాలులో నివసించిన బ్రయాన్ హాడ్జ్‌సన్ దాని పేరు దేవధుంగ అని వాదించాడు. టిబెట్టువారు శిఖరాన్ని చోమోలుంగ్మా అంటారు. తన పేరును హిందీలోగాని, పారశీకంలోగాని సరిగా వ్రాయలేరని, స్థానికులు పలకలేరని ఎవరెస్ట్ 1857లో అభ్యంతరం తెలిపాడు. అయినప్పటికీ లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1865లో ఆ పేరునే ఖాయం చేసింది. ఆయన తన ఇంటిపేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవాడు. నేడు వాడుకలో ఉన్న ఉచ్చారణ అది కాదు. నేపాలులో ఈ శిఖరాన్ని సగరమాత అంటారు.

మరణం

ఎవరెస్ట్ 1861లో సర్ బిరుదు పొందాడు. 1866 డిసెంబర్ 1న లండనులో మరణించాడు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని హోవ్ పట్టణంలో ఆయన సమాధి ఉంది. ముస్సోరీ సమీపంలో ఆయన నివసించిన ఇల్లు సందర్శనీయ స్థలంగా ఉంది.