పక్షిని చంపని తుపాకి

ఆకాశమున గిరికీలు కొట్టు గద్దను మనమెల్లరము చూచియే యుందుము. అయినను రెక్క నెత్తునపు డది ఏ తీరున మడచునో, దించునపు డీకలు ఏ తీరున నుండునో చెప్పుమన్నచో చెప్పజాలము. ఆ వేగము మన కన్నున కందదు. ఆ రహస్యమును ఛేదించుటకై ఏండ్ల తరబడి శ్రమించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే.

ఆయన 1830వ సంవత్సరము మార్చి 5వ తేదీన బోన్ పట్టణమున జన్మించెను. పారిసులో వైద్యశాస్త్రము నభ్యసించి, 1860లో నాడి స్పందనను గీతగా లిఖించు యంత్రమును నిర్మించెను. కదలు ప్రతిదియు తన కదలికను తానే వ్రాసికొనునట్లు చేయవలెనన్నది ఆయన పట్టుదల.

పిదప ఆయన దృష్టి పక్షులపైకి మరలెను. పావురములకును, బజార్డు అను వేటపక్షికిని పరికరములు తొడిగి, రబ్బరు గొట్టముల మూలమున రెక్కల కదలికలను లిఖింపజేసెను. ఆ ఫలితములు 1873లో గ్రంథరూపమున వెలువడెను. కాని బరువు మోయుచు, గొట్టములకు కట్టుబడిన పక్షి ఎగురుట స్వేచ్ఛాగమనమగునా? పక్షిని తాకకయే దాని గతిని పట్టవలసియుండెను.

1878లో మైబ్రిడ్జి అను ఛాయాగ్రాహకుడు పరుగెత్తు గుఱ్ఱమును వరుస చిత్రములలో నిలిపెను. 1881లో ఆయన పారిసునకు తెచ్చిన పక్షుల చిత్రములు మాత్రము మారేకు తృప్తి నీయలేదు. అప్పుడు జాన్సెన్ అను ఖగోళ శాస్త్రజ్ఞుని పరికర మాయనకు దారి చూపెను. ఈ జాన్సెన్ మన కపరిచితుడు కాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును మన గుంటూరులోనే పరిశీలించెను. 1874లో సూర్యబింబముపై శుక్రుడు సాగుటను జపానులో చిత్రించుటకై తిరుగు పలకగల పరికరమును వాడెను.

దాని ననుసరించి మారే 1882లో నేపుల్సునందు తన తుపాకిని సిద్ధపరచెను. గొట్టమున గుండునకు మారు కటకము. వెనుక తిరుగు గాజుపలక. మీట నొక్కినంతనే ఆ పలక ఆగుచు, కదలుచు ఒక్క సెకండులో 12 చిత్రములను గ్రహించును. ఒక్కొక్క చిత్రమునకు వెలుతురు సోకు కాలము సెకండులో 720వ వంతు. ఆయన గురి చూచిన సముద్రపక్షులు ఏ హానియు లేక ఎగిరిపోయెను. వాని రెక్కల తీరు మాత్రము పలకపై నిలిచెను.

1890లో పక్షుల గమనమును గూర్చి ఆయన బృహద్గ్రంథమును ప్రకటించెను. ఆయన 1873నాటి గ్రంథమును చదివినవారిలో విల్బర్ రైట్ ఒకడు. 1903 డిసెంబరులో రైటు సోదరుల విమానము గాలిలోకి లేచెను. 1904 మే నెలలో మారే పారిసున మరణించెను.

తన ఫలితమునే తాను శంకించి, మరల మొదటినుండి వెదకిన ఆయన ఓర్పు విద్యార్థులమగు మనకు మిక్కిలి ఆదర్శప్రాయము.