అరవై దాటాక అసలు ఇన్నింగ్స్

చదువు అయిపోయి రెండేళ్లు ఖాళీగా ఉంటే చాలు, చుట్టాల పెళ్లికి వెళ్లడానికి కూడా మొహం చెల్లదు మనకి. ఒకప్పుడు అమెరికా అంతా చప్పట్లు కొట్టిన మనిషికి యాభై దాటాక పనే దొరక్కపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. మేరీ డ్రెస్లర్‌కి అదే జరిగింది.

1868లో కెనడాలోని కోబర్గ్‌లో పుట్టింది. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి ఊరూరా తిరిగే నాటక కంపెనీలో చేరింది. భారీ విగ్రహం. అందగత్తె వేషాలు రావని త్వరగానే తెలుసుకుంది. జనం ఎలాగూ నవ్వుతారు, ఆ నవ్వేదో తనే పుట్టిస్తే డబ్బులైనా వస్తాయి కదా! బ్రాడ్‌వేలో పేరొచ్చింది. వాడెవిల్‌లోనూ స్టారయింది. వాడెవిల్ అంటే ఒకే టికెట్టు మీద పాట, డాన్సు, గారడీ, హాస్యం అన్నీ చూపించే స్టేజీ షో. 1914లో సినిమాకెళ్తే, ఆమె పక్కన నటించిన కుర్రాడు చార్లీ చాప్లిన్. అప్పటికి పెద్ద పేరు ఆమెదే.

అసలు కథ 1919లో ఉంది. అప్పట్లో కోరస్‌లో ఆడిపాడే అమ్మాయిలకి రిహార్సల్ రోజులకి జీతం ఉండేది కాదు. వారాల తరబడి ఊరికే పనిచేయాలి. ఆ ఆగస్టులో న్యూయార్క్ నటీనటులు సమ్మె కట్టారు. డ్రెస్లర్‌కి అది తన బాధ కాదు, ఇంట్లో కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. అయినా వీధిలోకి వచ్చింది. కోరస్ వాళ్ల సంఘానికి తొలి అధ్యక్షురాలైంది. నెల రోజుల్లో సమ్మె గెలిచింది. ఆ తర్వాత ఆమెకి మాత్రం స్టేజీ మీద పిలుపులు తగ్గిపోయాయి. వయసూ మీదపడుతోంది, జనం అభిరుచీ మారుతోంది. కానీ థియేటర్ యజమానులు ఆ సమ్మెని మర్చిపోయారంటే నేనైతే నమ్మను.

ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. ఫ్రాన్సిస్ మరియన్ అనే రచయిత్రి కుర్ర రిపోర్టరుగా ఉన్నప్పుడు డ్రెస్లర్ ఆమెకి సాయం చేసింది. ఆవిడే ఇప్పుడు హాలీవుడ్‌లో గట్టి రచయిత్రి. పాత మేలు మర్చిపోలేదు. 1927లో ఎంజీఎంలో వేషం ఇప్పించింది. తీరా ఆ సినిమా ఐరిష్ అమెరికన్ల నిరసనతో వెనక్కి పోయింది! మరియన్ మాత్రం వదల్లేదు. 1930లో గార్బో తొలి టాకీ ‘అన్నా క్రిస్టీ’లో తాగుబోతు ముసలిదాని వేషానికి డ్రెస్లరే కావాలని పట్టుబట్టింది. టాకీలొచ్చి చాలామంది తారలు గొంతు సరిపోక ఇబ్బంది పడుతున్న రోజులవి. డ్రెస్లర్‌కి ఆ బెంగే లేదు, నలభై ఏళ్లకు పైగా స్టేజీ మీద పండిన గొంతు మరి.

అదే ఏడాది ‘మిన్ అండ్ బిల్’ వచ్చింది. దానికి 1931 నవంబరు 10న ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. ముందురోజే 63 నిండాయి. 1932, 33 సంవత్సరాల్లో థియేటర్ల యజమానుల లెక్క ప్రకారం అమెరికాలో బాక్సాఫీసు నంబర్ వన్ ఆమే. టికెట్టు కొనడమే గగనమైన మాంద్యం రోజుల్లో! అప్పటికే క్యాన్సర్. రోజుకి కొన్ని గంటలే షూటింగ్ చేసేది. 1934 జులై 28న చనిపోయింది.

నటన నేర్చుకునేవాళ్లు ‘డిన్నర్ ఎట్ ఎయిట్’ చివరి సీను తప్పక చూడండి. జీన్ హార్లో తానో పుస్తకం చదివానని చెబుతుంది. పక్కన నడుస్తున్న డ్రెస్లర్ ఠక్కున ఆగి, తూలినంత పనై, ఆమెకేసి చూస్తుంది. ‘పుస్తకం చదివావా?’ అని అడుగుతుంది. హాలంతా నవ్వుతుంది.