నీటికి బాట వేసిన విశ్వేశ్వరయ్య

కొళాయి తిప్పగానే నీరు వస్తుంది. ఆ నీరు ఎంత దూరం నుండి, ఎన్ని గొట్టాల గుండా ప్రవహించి వచ్చిందో చాలామంది ఆలోచించరు. అటువంటి గొట్టాన్ని వేయించే పనితో ఉద్యోగ జీవితం ప్రారంభించి, గొట్టాలను మన దేశంలోనే పోత పోయించిన మహా ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతంలో మోక్షగుండం అనే ఊరు ఉంది. విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆ ఊరే. రాజపాళయం రాజుల పెద్దలు ఆంధ్రదేశం నుండి తమిళదేశానికి తరలివచ్చినట్లే, వారు మైసూరు సీమకు తరలివెళ్ళారు. ఊరు విడిచినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచింది. విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ తాను చదువుకున్నారు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

1884లో బొంబాయి ప్రభుత్వం ఆయనను సహాయ ఇంజనీరుగా నియమించింది. ఖాందేశ్ ప్రాంతంలోని ధూలియాలో ఆయనకు అప్పగించిన తొలి పనులలో ఒకటి గొట్టపు సైఫన్ నిర్మాణం. పాంజరా నది కాలువ పనిలో నీటిని ఒక ఒడ్డు నుండి మరొక ఒడ్డుకు దాటించాలి. అందుకు ప్రవాహం అడుగున గొట్టం వేస్తారు. ఒక ఒడ్డున గొట్టంలోకి దిగిన నీరు అడుగున సాగి, అవతలి ఒడ్డున తిరిగి పైకి వస్తుంది. నీరు ప్రవేశించే చోటు బయటికి వచ్చే చోటు కంటే కొంచెం ఎత్తుగా ఉంటే చాలు, నీటి బరువే నీటిని ముందుకు నెడుతుంది. అయితే గొట్టం ఆ ఒత్తిడికి తట్టుకోవాలి. అతుకులలో ఒక్కటి వదులైనా శ్రమ అంతా వృథా అవుతుంది.

పని జరుగుతుండగా వానలు ముంచెత్తాయి. వరద తగ్గేవరకు పని ఆపడానికి అనుమతి కావాలని యువ ఇంజనీరు పై అధికారికి వ్రాశారు. అధికారికి ఆ మాట నచ్చలేదు. విశ్వేశ్వరయ్య మరొకసారి ఆలోచించుకుని, ఆ వానలలోనే పని కొనసాగించి పూర్తి చేశారు. అడ్డంకిని చూసి ఆగక, దానికి ఉపాయం వెదకడం ఆయనకు అలవాటుగా మారింది.

సింధు ప్రాంతంలోని సక్కర్ పట్టణానికి మంచినీరు అందించే బాధ్యత తరువాత ఆయనపై పడింది. సింధు నది నీరు బురదతో నిండి ఉండేది. వడపోత మడుగులు కట్టడానికి పురపాలక సంఘం దగ్గర తగినంత ధనం లేదు. అప్పుడాయన నది గర్భంలోనే బావి త్రవ్వించారు. ఇసుక గుండా దిగిన నీరు తేటపడి బావిలోకి చేరింది. ఆ నీటిని యంత్రాలతో ఎత్తుకు చేర్చి, అక్కడి నుండి గొట్టాల ద్వారా ఊరికి పంపారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు, అటువంటి వరద మళ్ళీ రాకుండా జలాశయాలు కట్టాలని సూచించినది కూడా ఆయనే.

1912 నుండి 1918 వరకు విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానానికి దివానుగా పనిచేశారు. ఆ రోజులలో ఇనుప సామగ్రి ఎక్కువగా విదేశాల నుండి వచ్చేది. కొండలలో ఖనిజం, అడవులలో కట్టెలు ఉండగా ఇనుము కోసం పరదేశాలపై ఆధారపడటం ఆయనకు నచ్చలేదు. ఆయన పట్టుదలతో భద్రావతిలో ఇనుప కర్మాగారానికి పునాది పడింది. 1923లో కట్టెబొగ్గుతో నడిచే కొలిమి పని ప్రారంభించింది. కాని అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, ఇనుము ధరలు పడిపోయాయి. కర్మాగారం నష్టాలలో కూరుకుపోయింది. విమర్శలు ఎక్కువయ్యాయి.

దివాను పదవి విడిచిన విశ్వేశ్వరయ్యనే ఆ కర్మాగారాన్ని నిలబెట్టమని మహారాజు కోరారు. ఓడిపోతే అంతవరకు సంపాదించిన పేరు పోతుంది. అయినా ఆయన వెనుకాడలేదు. 1923 నుండి 1929 వరకు అధ్యక్షులుగా ఉండి, వృథా ఖర్చులు తగ్గించారు, మనవారికి పని నేర్పించారు. కొలిమి నుండి వచ్చిన దుక్క ఇనుమును అలాగే అమ్మితే వచ్చే ధర తక్కువ. దానినే వస్తువుగా మార్చి అమ్మితే ఎక్కువ. అందుకే అక్కడ పోత ఇనుప గొట్టాల తయారీ ప్రారంభమైంది. ఇసుక అచ్చులో నడుమ ఒక దిమ్మను నిలిపి, చుట్టూ కరిగిన ఇనుమును పోస్తారు. ఇనుము గట్టిపడ్డాక దిమ్మను తీసివేస్తే గొట్టం తయారవుతుంది. ఆ రోజులలో పట్టణాల నీటి సరఫరాకు అటువంటి గొట్టాలు కావలసి వచ్చేవి.

పోత ఇనుము గట్టిదే కాని, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. ఉక్కు పగలకుండా వంగుతుంది, ఎక్కువ ఒత్తిడికి ఓర్చుకుంటుంది. ఉక్కు గొట్టాలను రెండు విధాలుగా చేస్తారు. ఉక్కు పట్టీని గుండ్రంగా వంచి అంచులను అతికించడం ఒక పద్ధతి. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీని తిరిగే రోలర్ల మధ్య నొక్కుతూ, నడుమ మేకు వంటి పనిముట్టుతో రంధ్రం చేయడం రెండవది. జర్మనీకి చెందిన మన్నెస్‌మాన్ సోదరులు 1885 ప్రాంతంలో దీనిని కనిపెట్టారు. ఇందులో అతుకు ఉండదు కనుక బాయిలర్లకు, నూనె బావులకు ఇవి అనువైనవి. తుప్పు పట్టకుండా నీటి గొట్టాలకు జింకు పూత పూస్తారు. చేతిపంపులో, సైకిలు చట్రంలో కనిపించేవి ఉక్కు గొట్టాలే. భద్రావతిలో ఉక్కు తయారీ 1930లలో మొదలైంది.

కర్మాగారంలో తన సేవకు రావలసిన ధనాన్ని విశ్వేశ్వరయ్య సొంతానికి వాడుకోలేదు. ఆ ధనంతో యువకులకు చేతిపనులు నేర్పే విద్యాలయం బెంగుళూరులో 1943లో ఏర్పడింది. దానికి తన పేరు పెట్టించుకోక, జయచామరాజేంద్ర ఒడయరు పేరు పెట్టించారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న బిరుదునిచ్చింది. నూరేళ్ళు నిండిన ఆ కర్మయోగి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజును మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు. నేల అడుగున ఉండే గొట్టం ఎవరికీ కనిపించదు. అది చేసే మేలు మాత్రం ఇంటింటా కనిపిస్తుంది.