క్రెసెంటు పత్రికాధిపతి లక్ష్మీనరసు శెట్టిగారు

గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1806లో చెన్నపట్టణమున వర్తక కుటుంబమున జన్మించిరి. చేతిరుమాళ్లు, నీలిమందు వ్యాపారమున విశేషముగ ధనమార్జించిరి. ఆ ధనముతోనే 1844లో ‘క్రెసెంటు’ అను ఆంగ్లపత్రికను నెలకొల్పిరి. తెలుగువానికి ఆంగ్లపత్రిక యేల? ప్రజల గోడు వినవలసినవారు చదువు భాష అదియే గదా! హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించిరి. దొరతనమువారు ఆ పత్రిక ప్రకటనను తమ గెజెటునందు వేయుటకైనను నిరాకరించిరి.

పత్రిక యొక్కటియే చాలదని శెట్టిగారు 1852లో మద్రాసు స్వదేశ సంఘమును స్థాపించిరి. పన్నుల భారమును, వసూలుకై రైతులను పెట్టు చిత్రహింసలను వివరించుచు సంఘము పార్లమెంటునకు అర్జీ పంపెను. అంత దూరపు మాటను సులభముగ నమ్మువారెవరు? 1853లో డాన్బీ సేమరు అను పార్లమెంటు సభ్యుడు రాగా, శెట్టిగారు వెంటనుండి పల్లెలు త్రిప్పి రైతుల దుస్థితిని కన్నులార చూపిరి. 1854లో విచారణ సంఘ మేర్పడెను. హింస నిజమేయని 1855 నాటి నివేదిక తేల్చెను.

ఆ దొరతనమే ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదమిచ్చెను, 1863లో శాసనసభకును నియమించెను. 1868లో శెట్టిగారు దివంగతులగునాటికి వారి ఐశ్వర్యము చాలవఱకు కరగిపోయియుండెను.