విశ్వేశ్వరయ్యగారి ఉద్యమశీలం

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలమంది అసువులు బాశారు. ఇట్టి విపత్తు మరల రాకుండా ఉపాయం చెప్పవలసినదిగా నిజాం ప్రభుత్వం 1909లో రప్పించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన కేవలం గట్లు ఎత్తు చేయించి ఊరుకోదలచలేదు. వర్షపాతపు లెక్కలు, ఎగువ చెరువుల స్థితి, నగరంలోని మురుగునీటి పారుదల, అన్నింటినీ కలిపి పరిశీలించి, మూసీ, ఈసీ నదులపై జలాశయాలు కట్టవలెనన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఆ ఆలోచనకు ఫలాలు. ఏ సమస్యయు ఒక్క శాస్త్రానికే లొంగదన్నది ఆయన జీవితసూత్రం.

ఆయన పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుండి మైసూరు సీమకు వలస వెళ్ళినవారు. ముద్దెనహళ్ళిలో జన్మించి, బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్యగారు పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరులో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందారు. 1883లో పూనాలో ఇంజనీరింగు ముగించారు.

1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్న కాలంలో 1913లో బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వెలశాయి. చదువు, పెట్టుబడి, పరిశ్రమ చేయి చేయి కలిపి నడవాలని ఆయన ఆశయం. 1914లో యుద్ధం రాగా జర్మనీకి పోయే గంధపుచెక్క నిలిచిపోయింది. బెంగుళూరులోని శాస్త్రజ్ఞులు దాని నుండి తైలం తీసి చూపారు. 1916లో కర్మాగారమే నెలకొన్నది. ముడిసరుకు అమ్ముకొను నాడు విలువైన సరుకును తయారుచేసింది.

భద్రావతి ఇనుప కర్మాగారం నష్టాలలో ఉండగా 1923లో బాధ్యత స్వీకరించి 1929 వరకు నడిపారు. అడవి కట్టెను బొగ్గుగా మార్చేటప్పుడు వెలువడే పొగను సైతం వృథా పోనీయక, ఆల్కహాలు, తారు తీసి అమ్మేవారు. అడవి నెరిగినవాడు, రసాయనజ్ఞుడు, లోహశాస్త్రజ్ఞుడు, వర్తకుడు ఏకమైతేనే అది సాధ్యం. అందులకై తనకు రావలసిన వేతనాన్ని తాను తీసికొనక, యువకులకు చేతివిద్య నేర్పే సంస్థకు వినియోగించమన్నారు. 1943లో బెంగుళూరులో ఆ సంస్థ మహారాజు పేరిట వెలసింది; తన పేరు పెట్టుటకు ఆయన సమ్మతించలేదు.

1955లో భారతరత్నమై, నూరేండ్లు దాటి జీవించి, 1962లో ఆయన దివంగతులైనారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15 నేడు ఇంజనీర్ల దినం.

విద్యార్థి మిత్రులారా! పట్టా చేతబట్టి ఉద్యోగానికై తలుపులు తట్టుట తప్పు కాదు. కాని పదిమందికి పని కల్పించగల తలుపు తెరచుట అంతకంటె గొప్పది. ఆ తలుపు ఒక్కరి బలానికి తెరచుకోదు. లెక్కలు తెలిసినవాడు, యంత్రం తెలిసినవాడు, బజారు తెలిసినవాడు ఒక్క బల్ల చుట్టూ కూర్చొనుట కళాశాలలోనే అలవడాలి. విశ్వేశ్వరయ్యగారి జీవితం మనకు విడిచిపోయిన పాఠమిదే.