సర్వే గొలుసు పట్టిన మిషనరీ – క్లౌ దొరగారు

శ్రీకాకుళం, విజయనగరం సంఘముల వారమైన మనము ఒంగోలు క్లౌ దొరగారిని గొప్ప బోధకునిగానే ఎరుగుదుము. చేతి విద్యను కూడ దేవుని సేవలో పెట్టినవారిగా ఆయనను ఇచ్చట స్మరించుకొందుము.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలో జన్మించిరి. యౌవనమున మిన్నెసోటాలో భూముల సర్వే పని చేసిరి. 1866లో ఒంగోలు చేరిరి. 1876-78 ధాత కరువులో జనులు ఆకలితో మాడుచుండగా, దానము కంటె కూలి మేలని తలచి, ప్రభుత్వమువారు త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టు తీసికొనిరి. పాత సర్వే విద్య అక్కరకు వచ్చినది. బోధకులే మేస్త్రీలైరి. వేలమందికి కూలి దొరకినది.

ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు. కూలి కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని, కరువు పని సాగినంతకాలము ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1910లో ఆయన ప్రభువునందు నిద్రించిరి.

మన సంఘములలోను పంపులు బాగుచేయువారు, గొట్టములు బిగించువారు, తాపీపనివారు ఉన్నారు. దూరదేశమున గాని, పొరుగు పల్లెలో గాని, ఆ పనియు పరిచర్యయేనని మరువకుందుము గాక.