బంతి దారిని లెక్కగట్టిన మాస్టారు – కొరియాలిస్

మనలో చాలామంది కొరియాలిస్ పేరు విన్నవాళ్ళమే. గాలులు ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపుకు ఎందుకు మళ్ళుతాయో చెప్పేటప్పుడు భూగోళం పుస్తకంలో ఆ పేరు వస్తుంది. ఒక మార్కు బిట్టు కింద బట్టీపెట్టి వదిలేస్తాం. భౌతికశాస్త్రంలో ‘పని’ అనే పాఠం కూడా మనకు తెలుసు. బలాన్ని దూరంతో గుణిస్తే పని వస్తుందని రాస్తాం. ఆ మాటను ఆ అర్థంలో స్థిరపరచింది కూడా ఈ కొరియాలిసే అని మాత్రం పాఠంలో ఉండదు.

ఈ రెండూ కాక ఆయన చేసిన మూడో పని ఒకటుంది. అది ఏ పరీక్షలోనూ రాదు. బిలియర్డ్స్ బల్ల మీద మనం కర్రతో పొడిచిన బంతి ఇంకో బంతిని తాకిన తర్వాత ఎటు పోతుంది? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ఆయన 1835లో ఏకంగా ఒక గణిత గ్రంథమే రాశారు. నేడు పూల్, స్నూకర్ ఆడేవాళ్ళు తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడానికి వాడే సూత్రాలకు వేళ్ళు ఆ పుస్తకంలో ఉన్నాయి.

గాస్పార్ గుస్తావ్ కొరియాలిస్ 1792 మే 21న పారిస్‌లో జన్మించారు. అది ఫ్రెంచి విప్లవం రగులుతున్న కాలం. తండ్రి రాజుగారి సైన్యంలో అధికారి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రెంచి దళాలతో వెళ్ళి పోరాడి వచ్చినవాడు. రాజరికం కూలిపోవడంతో ఆ కుటుంబం పారిస్ వదిలి తూర్పున ఉన్న నాన్సీ పట్టణానికి చేరింది. నిన్నటిదాకా కత్తి పట్టిన తండ్రి అక్కడ పరిశ్రమ పెట్టుకుని బతుకు మొదలుపెట్టాడు. కొరియాలిస్ చదువు ఆ ఊళ్ళోనే సాగింది.

1808లో, పదహారేళ్ళ వయసులో, పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి రెండో ర్యాంకు తెచ్చుకున్నారు. ఆనాటి ఫ్రాన్స్‌లో అంతకు మించిన సాంకేతిక విద్యాలయం లేదు. ఆ తర్వాత వంతెనలు, రహదారుల ఇంజనీరింగ్ చదివి ప్రభుత్వ ఇంజనీరుగా కొండ ప్రాంతాల్లో పనిచేశారు. అయితే ఆయనది చిన్ననాటి నుంచీ నలత మనిషి ఒళ్ళు. ఎండావానల్లో తిరిగే ఉద్యోగం ఆ ఒంటికి పడలేదు. అంతలో తండ్రి పోయారు. ఇంటి భారం మీద పడింది. 1816లో తాను చదివిన ఎకోల్ పాలిటెక్నిక్‌లోనే ట్యూటరుగా చేరారు. సుప్రసిద్ధ గణితవేత్త కోషీ ఆయనను సిఫారసు చేశారు. పెద్ద ప్రొఫెసర్ పాఠం చెప్పి వెళ్ళాక, అర్థంకాని విద్యార్థులను కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించడం ట్యూటరు పని. పేరొచ్చే ఉద్యోగం కాదు. కానీ నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఇంటికి ఆ జీతం కావాలి.

ఆ కాలంలో గణితవేత్తల చూపు ఎక్కువగా ఆకాశం మీద, గ్రహాల మీద ఉండేది. కొరియాలిస్ చూపు నేల మీద ఉంది. నీటిచక్రం, తిరగలి, బరువు లాగే గుర్రం, మోసే మనిషి, వీళ్ళందరి శ్రమనూ ఒకే కొలతతో కొలవడం ఎలా అని ఆలోచించారు. 1829లో యంత్రాల ఫలితాన్ని లెక్కించే విధానం మీద పుస్తకం వేశారు. అందులో బలం, ఆ బలం దిశలో కదిలిన దూరం, ఈ రెంటి లబ్ధానికి ‘పని’ అని పేరు పెట్టారు. కూలివాడు వాడే మాటనే శాస్త్రానికి ఇచ్చారు. గతిజ శక్తికి మనం రాసే సూత్రంలో ముందు ‘సగం’ ఉంటుంది కదా, దాన్ని అక్కడ ఖాయం చేసింది కూడా ఆ పుస్తకమే. వెయ్యి కిలోల బరువును ఒక మీటరు ఎత్తడానికయ్యే పనిని ఒక ప్రమాణంగా పెట్టి దానికి ‘డైనమోడ్’ అని పేరు కూడా సూచించారు. ఆ పేరు నిలవలేదు. ‘పని’ నిలిచింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. అమ్మానాన్నలు కూలికి పోతారు. నెత్తిన బస్తా పెట్టుకుని చదునైన నేల మీద ఎంత దూరం నడిచినా, ఆ బస్తా మీద జరిగిన పని సున్నా అని ఇంటర్‌లో చదివిన రోజు ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ చాలాసేపు నవ్వింది. ఆ సున్నా మీద నాకు చాలా కాలం కోపం ఉండేది. కొరియాలిస్ గురించి చదివాక తగ్గింది. శ్రమ చేసేవాళ్ళను తక్కువ చేయడానికి కాదు, ఏ శ్రమ ఎక్కడ వృథా అవుతుందో లెక్క తేల్చడానికే ఆయన ఆ కొలత తెచ్చారని తెలిసింది.

ఇక బిలియర్డ్స్ సంగతి. ఈ ఆట మనకు క్లబ్బుల్లోనో సినిమాల్లోనో కనిపించేది. ఆనాటి ఫ్రాన్స్‌లో మాత్రం కాఫీ హోటళ్ళలో కూడా ఆడేవారు. బంతులు ఏనుగు దంతంతో చేసినవి. అప్పటిదాకా కర్ర కొన ఉత్త చెక్కగా ఉండేది. బంతిని నడిమధ్యన తప్ప పక్కన పొడిస్తే కర్ర జారిపోయేది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మింగో అనే ఫ్రెంచి మాజీ సైనికాధికారి కర్ర కొనకు తోలు బిళ్ళ అతికించే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. దాంతో బంతిని పైన, కింద, పక్కన ఎక్కడైనా పొడవవచ్చు. బంతి వెనక్కి రావడం, వంకర తిరగడం మొదలైంది. చూసేవాళ్ళకు గారడీలా ఉండేది. కొరియాలిస్ ఆ గారడీ వెనక లెక్క ఏమిటో చూద్దామనుకున్నారు.

మనకు తెలిసిన ఆటతోనే అర్థం చేసుకుందాం. మన క్యారమ్స్‌లో స్ట్రైకరూ కాయలూ బల్లపరుపు బిళ్ళలు. అవి జారతాయి తప్ప దొర్లవు. బంతి అలా కాదు. జారుతుంది, దొర్లుతుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ముందుగా తిరగకుండా జారుతూ వచ్చే బంతిని తీసుకోండి. అది తనంతే బరువున్న బంతిని ఎదురుగా సూటిగా కొడితే, తన వేగమంతా దానికిచ్చి తాను ఉన్నచోటే ఆగిపోతుంది. సమానమైన రెండు గోలీలతో ఆడిన ప్రతి పిల్లవాడూ దాదాపు ఇలాంటి దెబ్బ చూసే ఉంటాడు. సూటిగా కాకుండా పక్కగా తాకితే, దెబ్బతిన్న బంతి రెండు బంతుల కేంద్రాలను కలిపే గీత వెంట పోతుంది. కొట్టిన బంతి ఆ గీతకు లంబంగా పోతుంది. రెండు దారుల మధ్య 90 డిగ్రీలు ఉంటుంది.

అయితే బల్ల మీద కొంత దూరం వచ్చేసరికి బంతి మామూలుగా దొర్లుతూ ఉంటుంది. దొర్లే బంతికి రెండు ఆస్తులు: ముందుకు పోయే వేగం, తన చుట్టూ తిరిగే తిరుగుడు. దంతపు బంతులు నున్నగా ఉంటాయి కాబట్టి, ఢీకొన్న ఆ రెప్పపాటులో ఎదుటి బంతి ముందుకు పోయే వేగాన్ని తీసుకుంటుందే కానీ తిరుగుడును దాదాపు తీసుకోలేదు. అందుకే సూటి దెబ్బలో మన బంతి ఒక్క క్షణం నిలబడిపోయినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కింద గుడ్డను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడే దాన్ని మళ్ళీ ముందుకు తోస్తుంది. లెక్క వేస్తే దానికి చివరికి దక్కే వేగం మొదటి వేగంలో 7లో 2 వంతులు. ఎదుటి బంతి మొదట వేగమంతా అందుకున్నా, జారుడు నుంచి దొర్లుడుకు మారేసరికి దానికి మిగిలేది 7లో 5 వంతులు. రెండూ కలిపితే మళ్ళీ 7. ఈ 5, 2 అనే అంకెలు గట్టి గోళం స్వభావం నుంచే వచ్చాయి. లోపల డొల్లగా ఉన్న బంతికైతే లెక్క మారిపోతుంది.

పక్కగా తాకినప్పుడు ఇంకా తమాషాగా ఉంటుంది. బంతి మొదట లంబంగా బయలుదేరుతుంది. కానీ దానిలోని పాత తిరుగుడు వచ్చిన దిక్కుకే లాగుతూ ఉంటుంది. జారుతున్నంతసేపూ ఘర్షణ బలం, దాని దిశ మారవు. విసిరిన రాయిని భూమి ఒకే దిశలో లాగితే ఎలా వంగుతుందో బంతి కూడా అలాగే పరావలయంలో వంగుతుంది. జారుడు ఆగగానే తిన్నగా పోతుంది. ఆ చివరి దారి తెలుసుకోవడానికి స్కేలు, కోణమానిని చాలు. ఢీకొన్న వెంటనే ఉన్న వేగంలో 5/7, ఢీకొనక ముందున్న వేగంలో 2/7 తీసుకుని, వాటిని సదిశలుగా కలపాలి.

ఒక ఉదాహరణ చేసి చూడండి. మన బంతి కేంద్రాన్ని ఎదుటి బంతి అంచుకు గురిపెట్టి కొట్టామనుకుందాం. వచ్చే వేగాన్ని 7 సెంటీమీటర్లు అనుకుంటే, తాకిన వెంటనే మిగిలే వేగం 3.5, దిశ పాతదానికి 60 డిగ్రీలు. వచ్చిన దిశలో 2 సెంటీమీటర్ల గీత గీయండి. దాని కొన నుంచి 60 డిగ్రీలు పక్కకు తిప్పి 2.5 సెంటీమీటర్లు గీయండి. మొదలూ చివరా కలపండి. కోణం కొలిస్తే 34 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. దొర్లుతున్న బంతి మళ్ళగలిగే గరిష్ఠ కోణం దాదాపు ఇదే. ఎదుటి బంతిని పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా ఎంత మందంగా తాకినా, మళ్ళే కోణం 27, 34 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఇప్పటి పూల్ ఆటగాళ్ళు దీన్నే 30 డిగ్రీల సూత్రం అంటారు. చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి బల్ల మీద కోణం కొలుచుకుంటారు. బంతి వేగంగా వస్తే వంపు కాస్త ఆలస్యంగా మొదలైనట్టు కనిపిస్తుంది కానీ చివరి కోణం మారదు.

బల్ల మీది నుంచి బంతి ఎత్తులో 10లో 7వ వంతు దగ్గర పొడిస్తే అది అసలు జారకుండా మొదటి క్షణం నుంచే దొర్లుతుందని కూడా ఆయన లెక్కల్లో తేలుతుంది. ఈ పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి 170 ఏళ్ళు పట్టింది. 2005లో అమెరికాలో డేవిడ్ నాడ్లర్ దాన్ని అనువదించి ప్రచురించారు.

అదే 1835లో కొరియాలిస్ ఇంకో పరిశోధనా పత్రం రాశారు. తిరిగే యంత్రంలో కదిలే వస్తువు మీద అదనంగా ఒక బలం పనిచేస్తున్నట్టు కనిపిస్తుందని అందులో చూపారు. ఆయన మనసులో ఉన్నది నీటిచక్రాల వంటి యంత్రాలే, గాలులు కావు. తర్వాత 1850లలో అమెరికాకు చెందిన విలియం ఫెరెల్ వంటివారు తిరిగే భూమి మీది గాలులకు ఈ ఆలోచనను వర్తింపజేశారు. బంగాళాఖాతంలో పుట్టే తుపాన్లు గడియారం ముల్లుకు ఎదురుగా తిరగడానికి కారణం ఇదే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుపాను కూడా అలా తిరుగుతూ వచ్చిందే.

ఆయనకు పదవులు ఆలస్యంగా వచ్చాయి. 1830 విప్లవం తర్వాత కోషీ దేశం వదిలి వెళ్ళినప్పుడు ఆ స్థానం ఇస్తామంటే కొరియాలిస్ తీసుకోలేదు. 1836లో సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. 1838లో ఎకోల్ పాలిటెక్నిక్‌కు విద్యా విభాగ సంచాలకులయ్యారు. తరగతి గదుల్లో విద్యార్థులకు చల్లటి తాగునీరు ఏర్పాటు చేయించారు. పిల్లలు ఆ నీటి అమరికలకు ఆయన పేరునే కురచ చేసి ‘కొరియో’ అని పెట్టుకున్నారు. నీళ్ళ ట్యాంకు దగ్గర బకెట్లతో వరసలో నిలబడ్డ మనకు ఆ గౌరవం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరోగ్యం మాత్రం ఎన్నడూ కుదుటపడలేదు. 1843 సెప్టెంబర్ 19న, 51 ఏళ్ళకే పారిస్‌లో కన్నుమూశారు. 1889లో కట్టిన ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల పేర్లలో ఆయన పేరు ఉంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ 2/7. ప్రతి ఏడూ మన హాస్టల్ నుంచి ఎవరో ఒకరు చదువు మధ్యలో ఆపి పనికి పోతూనే ఉన్నారు. ఇంట్లో పెద్దదిక్కు పోయిందనో, అప్పనో, జబ్బనో. దెబ్బ తగిలింది, ఇక అక్కడే ఆగిపోయాడు అని మనం అనుకుంటాం. దొర్లుతూ వచ్చిన బంతి కూడా సూటి దెబ్బకు ఆగుతుంది. కానీ ఢీకొన్నది దాని తిరుగుడును తీసుకోలేదు. అప్పటిదాకా నేర్చుకున్నది కూడా అలాంటిదే. మన జాబితాలో అలా ఆగిన తమ్ముళ్ళు ఉంటే వారికి ఓపెన్ స్కూల్ ఫారమో, సప్లిమెంటరీ ఫీజో అందేలా పూర్వ విద్యార్థులైన అన్నలు చూడాలని నా మనవి. బంతికి ఆ గుడ్డ ఒరిపిడి ఎంత అవసరమో వాళ్ళకు ఆ కాస్త ఆసరా అంత అవసరం. అది దొరికితే కదులుతారు. ఏ దిశగా అన్నది వాళ్ళు వెంట తెచ్చుకున్నదే చెబుతుంది.